డ్యూటీ దిగాక పట్టని నిద్ర

చిన్నా,

ఫోన్లో అయితే "బానే ఉన్నానమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

కోడలు నీ మీద ఏమీ చెప్పలేదు, ఆ పిల్లను అడగొద్దు. పండక్కి వచ్చినప్పుడు నేనే చూశాను. పక్కింటి పసివాడు ఏడిస్తే కంచం ముందు నుంచి లేచిపోయావు. కూర మాడిన వాసనకే నీ మొహం మారిపోయింది. రాత్రి పెగ్గు పడితే గానీ పడుకోవు, మూడింటికల్లా లేచి వరండాలో తిరుగుతుంటావు. నర్సుగా చేసి రిటైరైనదాన్ని, నా కంటికి ఆనదనుకున్నావా?

హైదరాబాద్ గుల్జార్ హౌజ్ అగ్నిప్రమాదం గురించి నువ్వు ఇప్పటికీ నోరు విప్పలేదు. 2025 మే 18న 17 మంది పోయారని, అందులో 8 మంది పిల్లలని నేను టీవీలో విన్నాను. విన్న నాకే ఆ వారం ముద్ద దిగలేదు. నువ్వు అక్కడే ఉన్నావు.

మీ ఫైర్ స్టేషన్లో హోస్‌కి చిల్లు పడితే రిజిస్టర్లో రాస్తారు. పొగలో ఊపిరికి గాలి అందించే బీఏ సెట్ సిలిండర్ ఖాళీ అయితే నింపేదాకా ఊరుకోరు. మనిషి విషయానికొచ్చేసరికి మాత్రం "నాలుగు చుక్కలేసుకో, సర్దుకుంటుంది" అని సీనియర్ల సలహా! మందు మొదట మత్తుగా పడేస్తుంది, నిజమే. అది దిగుతున్నకొద్దీ తెల్లవారుజామున నిద్ర చెడగొడుతుంది, పీడకలలూ అప్పుడే వస్తాయి. నిద్ర చాల్లేదని మర్నాడు ఇంకో పెగ్గు. ఇలా మొదలై మా వార్డుదాకా వచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

చూసింది పదేపదే కళ్లముందుకు రావడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం నెల దాటినా తగ్గకపోతే అది ఘోరాలు చూసిన మనసుకు పట్టే జబ్బు, పీటీఎస్‌డీ కావచ్చు. అవునో కాదో డాక్టరే తేల్చాలి. దానికి మందులున్నాయి, దగ్గర కూర్చోబెట్టుకుని మెల్లగా మాట్లాడించే వైద్యమూ ఉంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఇది చదివి ఆవేశంగా ఈ రాత్రే మానేస్తానని ఒట్టు పెట్టుకోకు. రోజూ తాగే ఒంటికి ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ఎంత తాగుతున్నావో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పు. నాకు చెప్పే లెక్క కాదు.

ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి అంటేనే నీకు నామోషీ అని తెలుసు. ముందు 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిదే, డబ్బులు అడగరు. అర్ధరాత్రయినా తీస్తారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆఫీసులో తెలిస్తే ప్రమోషన్ పోతుందనుకుంటున్నావేమో, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నీ వైద్యం సంగతి డాక్టరు ఊరికే బయట పెట్టకూడదు.

నీ ఆఫ్ ఎప్పుడో చెప్పు, నేనూ వస్తాను. లోపలికి నువ్వొక్కడివే వెళ్లు, నేను బయట బెంచీ మీద కూర్చుంటా. మీ నాన్నకు నా మోకాళ్లు చూపించుకోవడానికని చెప్తాలే.

అమ్మ