ఎడ్వర్డ్ కోల్స్ గురించి కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం. అమెరికా తొలినాళ్ల నాయకులంటే మన పత్రికల్లో ఎప్పుడూ వాషింగ్టన్, జెఫర్సన్‌లే. ఇల్లినాయ్ రెండో గవర్నర్ ఎడ్వర్డ్ కోల్స్ మాటేమిటి? వర్జీనియాలో బానిసలున్న ఇంట పుట్టినా, 1814లో సాక్షాత్తు జెఫర్సన్‌కే ఉత్తరం రాసి, బానిసత్వాన్ని పోగొట్టడానికి మీరే ముందుండాలని అడిగాడు. ఆ పెద్దాయన వయసైపోయిందని తప్పుకున్నాడు, కోల్స్ మాత్రం ఆగలేదు. 1819లో ఓహియో నది మీద పడవలో వెళ్తూ తన బానిసలందరినీ దగ్గరకు పిలిచి, ఇక మీకు స్వేచ్ఛ వచ్చేసింది, నాతో వస్తారో ఒడ్డున దిగిపోతారో మీ ఇష్టం అన్నాడు, ఆపైన కుటుంబ పెద్దలకు తలా 160 ఎకరాలు రాసిచ్చాడు. ఇల్లినాయ్‌లో బానిసత్వానికి దారి తెరిచే ప్రయత్నం 1824 ఓటింగ్‌లో ఓడిందంటే అందులో ఈయన పోరాటం చాలా ఉంది. అదే సమయంలో, విడుదలైనవాళ్లు ప్రభుత్వానికి భారం కారని పూచీగా చట్టం అడిగిన బాండు కట్టకుండా బానిసలను విడిచిపెట్టాడని ఆయన మీద కోర్టు కేసు కూడా నడిచింది! దయచేసి ఆదివారం సంచికలో ఒక పేజీ కేటాయించండి.