వంచేది వేడి కాదు, వెలుగు

సంపాదకులకు నమస్కారం.

వెలుగు సోకగానే వంగే ప్లాస్టిక్ పొర గురించి మీ విజ్ఞాన పుటలో వచ్చిన వ్యాసం ఆసక్తికరంగానే ఉంది గానీ, ఆ పొర వేడెక్కడం వల్ల వంగుతుందన్న మాట సరికాదు. పొరలోని అజోబెంజీన్ అణువు మామూలుగా పుల్లలా నిటారుగా ఉంటుంది. 365 నానోమీటర్ల దరిదాపు అతినీలలోహిత కాంతిని గ్రహిస్తే అది మడిచిన మోకాలిలా వంగుతుంది. దృశ్యకాంతి పడితే, లేదా చీకటిలో కొంతకాలం వదిలేస్తే, మళ్లీ చాచుకుంటుంది. ఈ వంగిన రూపాన్ని రసాయన శాస్త్రవేత్త హార్ట్‌లీ 1937లోనే గుర్తించారు.

ఆ ప్లాస్టిక్ ఒక ద్రవస్ఫటిక పాలిమర్. అందులో ఈ పుల్లలు ఒకదాని పక్కన ఒకటి ఒకే దిక్కుకు సర్దుకుని ఉంటాయి కనుక, కొన్ని వంగితే పక్కవాటి వరుస కూడా చెదురుతుంది. ధ్రువిత కాంతి, అంటే విద్యుత్ క్షేత్రం ఒకే దిశలో కంపించే కాంతి, విషయం మరీ చిత్రం. దాని విద్యుత్ క్షేత్రానికి సమాంతరంగా ఉన్న అణువులే దాన్ని ఎక్కువగా గ్రహించి, పదేపదే వంగుతూ చాచుకుంటూ దిశ మార్చుకుంటాయి. అడ్డంగా తిరిగిన అణువు కాంతిని దాదాపు గ్రహించదు కాబట్టి అక్కడే నిలిచిపోతుంది. ఎవరూ తోయకుండానే, తప్పించుకున్నవే మిగిలే ఈ సర్దుబాటు నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోస్తుంది.

2003లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ఇకెదా బృందం ధ్రువణ దిశను మార్చుతూ ఒకే పొరను కోరిన దిక్కుకు వంచి చూపింది. కాంతి చాలావరకు పైముఖంలోనే ఇంకిపోవడంతో ఆ ముఖమే కుదించుకుని పొర వెలుగువైపు వంగుతుంది. కేవలం వేడే కారణమైతే ధ్రువణాన్ని బట్టి వంపు దిక్కు ఇలా మారదు. దయచేసి సవరణ ప్రచురించగలరు.

– ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు