కొంగు ముడి విప్పి ఇచ్చిన పెద్దమ్మ గారికి

శనివారం కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో ఇండియన్ స్టోర్ బయట నేనూ మా అమ్మాయీ విరాళాల కోసం బల్లేసుకుని కూర్చున్నాం, బిగ్ బేర్ సరస్సు దగ్గర జాకీ, షాడో అని బాల్డ్ ఈగిల్ (తెల్ల తల గద్ద) జంట ఉంది కదా, వాటి గూటికి దగ్గర్లోనే మూన్ క్యాంప్ అని 62 ఎకరాల అడవి, అక్కడ ఇళ్లు లేవకుండా ఆ స్థలం కొనేయాలని 10 మిలియన్ డాలర్లు పోగుచేస్తున్నారు, అందులో మాదీ కొంత ఉండాలని. గంటన్నరకి 14 డాలర్లే వచ్చాయి, పాప మొహం చిన్నబోయింది.

అప్పుడొచ్చారు మీరు. మంచులో మునిగి కూడా గూడు వదలని జాకీ ఫోటో చూసి "పిల్లలు బతికాయా అమ్మా" అన్నారు. 2025 మార్చిలో మూడు పుట్టాయండి, ఒకటి మంచు తుఫానుకి పోయింది, మిగతా రెండూ, సన్నీ, గిజ్మో, పెరిగి ఎగిరిపోయాయి అని చెప్తే కళ్లు తుడుచుకుని, కొంగు ముడి విప్పి నాలుగు మడతల 20 డాలర్ల నోటు పెట్టారు. అంతటితో వెళ్లిపోలేదు, రెండు గంటలు ఎండలో నిలబడి వచ్చినవాళ్లందరికీ తెలుగులో ఆ కథంతా చెప్పారు, డబ్బా నిండింది!

పేరడిగితే "పక్షికి పెట్టేదానికి పేరెందుకు" అన్నారు. చాలా చాలా థాంక్స్ అండీ. మీ స్టీలు మంచినీళ్ల చెంబు మా దగ్గరే ఉండిపోయింది, వచ్చే శనివారం అక్కడే ఉంటాం, రండి.