మందులు లేని కిటికీ ఎందుకు? జిల్లా వైద్యాధికారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి,

నమస్కారం. మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు. పదకొండేళ్లుగా అమ్మ వాడి ఓపీ చీటీని పాలిథిన్ కవరులో మడతపెట్టి నెలనెలా ప్రభుత్వ ఆసుపత్రికి బస్సెక్కుతోంది. మొన్న మందుల కిటికీ దగ్గర రెండు మందుల పేర్ల కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన ‘లేదు’ అని రాసిచ్చారు. వరుసగా ఇది మూడో నెల. బయట కొనే స్తోమత లేక అమ్మ ఉన్న మాత్రలనే సగానికి విరిచి వేసింది. తొమ్మిదో రోజు నుంచి వాడికి నిద్ర లేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ఒకసారి తిరగేయండి. ఆవశ్యక మందుల జాబితాలోనివి సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలు పై ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలోనూ ఎల్లవేళలా ఉచితంగా ఇవ్వాలంటోంది. హక్కు అనే మాటే వాడింది.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైందే రోగి ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకో విశాఖ మానసిక వైద్యశాలకో పరుగెత్తకుండా దగ్గరలోనే వైద్యం అందాలని. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో ఓపికగా మాట్లాడారు, కాదనను. ఫోనులోంచి మాత్రలు రాలవు కదా!

గోడల మీద అవగాహన పోస్టర్లకు కొదవ లేదు. ఏ మందు ఎంత నిల్వ ఉందో కూడా ఆ కిటికీ పక్కన బోర్డు మీద రాయించండి. అడుగంటకముందే తెప్పించండి. వచ్చే నెల ఆరో తేదీన అమ్మ మళ్లీ వస్తుంది.

ఇట్లు,
ఒక రోగి అక్క