మా జావా కార్బురేటర్‌ను బతికించిన నలుగురికి కృతజ్ఞతలు

మా 1968 నాటి జావా మోటారు సైకిలు మళ్లీ దారిన పడింది. కిక్కు కొట్టగానే అందుకుంటోంది, కూడలిలో ఆగితే ఇంజను ఆగిపోవడం లేదు, రాత్రి నిలిపిన చోట తెల్లవారి పెట్రోలు మరక కనిపించడం లేదు. ఇందులో నా వంతు సామాను మోయడం, డబ్బులు ఇవ్వబోయి చీవాట్లు తినడం మాత్రమే. పని చేసింది నలుగురు. పేరు పేరునా రాయాలని ఉంది కానీ ముగ్గురు వద్దన్నారు. నాలుగో ఆయన “పేరు రాస్తే పని పెరుగుతుంది, ఉన్నదే తెమలడం లేదు” అని ఫోను పెట్టేశారు. అందుకే ఊళ్ల పేర్లతో రాస్తున్నాను. ఎవరికి వారు తెలుసుకుంటారు.

ముందు జబ్బు ఏమిటో చెప్పాలి. లేకపోతే వారు చేసిన పని విలువ తెలియదు. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బురేటర్ నుంచి పెట్రోలు కారేది, ప్లగ్గు తీసి చూస్తే తడిగా, మసిబారి ఉండేది. అంటే పెట్రోలు ఎక్కువవుతోందన్నమాట. అదే బండి నాలుగు మైళ్లు పోయి వేడెక్కాక, ఎక్సలేటర్ వదిలేసినా ఇంజను తగ్గకుండా అరుస్తూనే ఉండేది. అది పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే వచ్చే గుణం. రెండు జబ్బులూ ఒకదాన్నొకటి కప్పిపుచ్చుతున్నాయి. ఒకటి సరిచేయబోతే రెండోది ముదిరేది. బందరులో చూపించిన చోటల్లా ఒకటే మాట: ఇది తీసి అవతల పడేసి వేరే బండి కార్బురేటర్ బిగించేద్దాం. ఆ సలహాను తప్పు పట్టను. రోజూ ఆఫీసుకు పోయే బండి అయితే నేనూ అదే చేసేవాణ్ణి.

కానీ ఈ బండి మైసూరులోని యాదవగిరిలో, ఐడియల్ జావా కర్మాగారంలో పుట్టింది. 1961లో మొదలై 1996లో మూతపడిన కర్మాగారం అది. కార్బురేటర్ చెక్ దేశపు జికోవ్ నమూనా. కర్మాగారం మూతపడి ఇన్నేళ్లయ్యాక, కొట్లలో ఇది ‘అసలు సరుకు’ అని ఇచ్చేవాటిలో అసలుది ఏదో పోల్చుకోవడమే పెద్ద విద్య. కార్బురేటర్ గదిలో పెట్రోలు మీద తేలే చిన్న డబ్బా ఫ్లోటు; గది నిండగానే అది పైకి లేచి, ఒక సూదితో పెట్రోలు దారి మూయిస్తుంది. ఒక కొట్లో కొన్న ఆ ఫ్లోటు సూది మొన చూడటానికి ధగధగలాడింది, గదిలో పెడితే మాత్రం దాని పీఠానికి అతకనే లేదు.

మొదటి నమస్కారం విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేసే మేస్త్రి గారికి. ఆయన మొదట నా పని ముట్టనే లేదు. నడుస్తున్న ఇంజను మీద, కార్బురేటర్ సిలిండరుకు అతికే చోట వేలితో కాస్త నూనె పూశారు. చప్పుడు వెంటనే మారింది. “బాబూ, ఇక్కడ గాలి పీలుస్తోంది. స్లైడు కూడా అరిగింది. కానీ ఫ్లోటు సంగతి తేలకుండా నేను లోహం కోయను. ముందు అది బాగుచేయించుకు రా” అన్నారు. (స్లైడంటే ఎక్సలేటర్ తిప్పితే పైకి లేచి గాలికి దారి ఇచ్చే ముక్క.) వచ్చిన బేరాన్ని వెనక్కి పంపే మనిషిని చూసి చాలా కాలమైంది.

ఫ్లోటు ఇత్తడిది, లోపల బోలు. చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమంది. అంటే కంటికి కనిపించని బెజ్జంలోంచి పెట్రోలు లోపలికి చేరింది. బరువెక్కిన ఫ్లోటు సరిగా తేలదు, సూది సమయానికి దారి మూయదు, గది నిండి పొంగుతుంది. దీన్ని మామూలు టంకం పెట్టి మూయించడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ రేకు అంత పల్చన.

ఇక్కడే మా ఊరి పుణ్యం అక్కరకొచ్చింది. చిలకలపూడి రోల్డు గోల్డు నగలకు పేరుపడ్డ చోటు. అక్కడి ఆచారి గారొకరు ఫ్లోటును చేతిలోకి తీసుకుని, గాజుల అతుకు చూసినట్టే తిప్పి తిప్పి చూశారు. కుంపటికి దూరంగా, గిన్నెలో వేడినీళ్లు పోయించి అందులో ముంచారు. అతుకు దగ్గర సన్నని బుడగలు వరుసగా లేచాయి. అక్కడ గుర్తు పెట్టుకున్నారు. లోపల పెట్రోలు ఉండగా వేడి చూపితే పేలుతుందని ఆయనకు నేను చెప్పే పని లేకపోయింది. సూది మొనంత రంధ్రం ఒకటి ఆయనే చేసి, లోపలిదంతా కారనిచ్చి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఉంచారు. ఆ తరువాతే మాటు వేశారు. వేయడానికి ఎంతో సేపు పట్టలేదు కానీ, అదనపు టంకాన్ని ఆకురాయితో గీకడానికి మధ్యాహ్నమంతా కూర్చున్నారు.

ఎందుకంటే బరువు. టంకం ఎక్కువైతే ఫ్లోటు కిందికి దిగి, గదిలో పెట్రోలు మట్టం పెరిగి, పాత జబ్బే కొత్త దారిలో వస్తుంది. ఎంత బరువు ఉండాలో చెప్పింది మైసూరు పెద్దాయన. ఆ కర్మాగారంలోనే పనిచేసి విరమించిన వారు. ఆయన కన్నడంలో, నేను తెలుగులో గంటసేపు మాట్లాడుకున్నాం. లోకంలో అంత సుఖమైన సంభాషణ నేను ఎరగను. తన దగ్గరున్న మంచి ఫ్లోటును తూయించి ఆ అంకె చెప్పారు. ఆచారి గారు బంగారం తూచే తక్కెడలో మా ఫ్లోటు పెట్టి, అంకె కలిసేదాకా గీకుతూనే ఉన్నారు. కూలి అడిగితే, “ఇది నగ కాదుగా, కూలి ఎలా కట్టను?” అన్నారు. ఆచారి గారూ, మీ మనవడికి బండి మీద ఒక చుట్టు బాకీ ఉన్నాను.

తిరిగి ఆటోనగర్. మేస్త్రి గారు ఈసారి మారుమాట లేకుండా పని అందుకున్నారు. సిలిండరుకు అతికే అంచు రెండు చివర్లా వంగి ఉంది. ఏళ్ల తరబడి నట్లు బలంగా బిగించడం వల్ల అలా అవుతుందట. మందపాటి అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి, ఎనిమిది అంకె చుట్టినట్టు అంచును తిప్పుతూ చదును చేశారు. యంత్రం వాడలేదు. జింకు కలిసిన మెత్తని పోత లోహం, మిషను మీద పెడితే ఎంత పోతుందో చేతికి తెలియదని ఆయన మాట.

స్లైడు కథ వేరు. కొత్త స్లైడు కొంటే చాలదా అని అందరూ అడుగుతారు. చాలదు. యాభై ఏళ్లు పైకీ కిందికీ ఆడి, స్లైడుతో పాటు అది కూర్చునే గొట్టం కూడా కోలగా అరిగింది. ఆయన గొట్టాన్ని గుండ్రం చేయడానికి ఎంత అవసరమో అంతే కోసి, ఆ కొలతకు ఇత్తడి కడ్డీ నుంచి కొత్త స్లైడు తీశారు. మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతు కన్నా తక్కువ. స్లైడు అడుగున గాలి వచ్చే వైపు ఒక ఏటవాలు కోత ఉంటుంది. ఎక్సలేటర్ కొద్దిగా తిప్పినప్పుడు గాలీ పెట్రోలూ ఎంత పాళ్లలో కలవాలో అదే నిర్ణయిస్తుంది. పాతదాన్ని పక్కన పెట్టుకుని ఆ కోతను అచ్చుగుద్దినట్టు దింపారు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన పని ఇదే.

నాలుగో వారు వరంగల్‌లోని లెక్చరర్ గారు. మా మెయిన్ జెట్టు (ఇంజనుకు పోయే పెట్రోలును కొలిచి వదిలే చిన్న ముక్క) రంధ్రాన్ని పూర్వం ఎవరో తీగతో కెలికి పెద్దది చేశారు. పైన అంకె ఒకటి, లోపల కొలత మరొకటి. తన పెట్టెలో దాచుకున్న జెట్టునూ, సరైన సూదినీ పంపి, కొరియరు డబ్బులు కూడా తీసుకోలేదు. సార్, ప్లగ్గు ఇప్పుడు కాఫీ రంగులో ఉంది.

పాత బండ్లున్నవారికి ఒక్క మాట. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను లాగుతుంది, బందరు గాలిలో తేమకు కొదవ లేదు. జింకు పోత మీద తెల్లటి పొడి పట్టడం, పాత రబ్బరు ఉబ్బడం దీనివల్లే. వారం పది రోజులు బండి తీయమనుకుంటే ట్యాంకు కొళాయి కట్టేసి, గదిలోని పెట్రోలు అయిపోయి ఇంజను తనంతట ఆగేదాకా నడిపించండి. అలాగే, మా జావా లాంటి టూ స్ట్రోక్ బండి అతుకుల్లోంచి గాలి పీలుస్తుంటే నిర్లక్ష్యం చేయకండి. నూనె కూడా పెట్రోలుతోనే లోపలికి పోతుంది కాబట్టి, పెట్రోలు తగ్గితే నూనె తగ్గి పిస్టన్ పట్టేస్తుంది.

స్లైడు కొలతలు మేస్త్రి గారు కాగితం మీద గీసి ఇచ్చారు. ఫ్లోటు బరువు దాని వెనక రాసుకున్నాను. ఇదే కార్బురేటర్ ఉన్నవారు అడిగితే నకలు పంపిస్తాను. నలుగురూ అందుకు ఒప్పుకున్నారు.