ఆదివారం తెల్లవారుజామున మీ మెషీన్లు ఎందుకు లేవలేదంటే

అందరికీ నమస్కారం.

గత ఆదివారం తెల్లవారుజామున మా రెండో సర్వర్ మీద ఉన్న 31 వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే సర్వర్‌ను పంచుకుని విడివిడి కంప్యూటర్లలా నడిచే మీ మెషీన్లు, గంటకు పైగా ఆగిపోయాయి. ఆ ఉదయం మీకు పంపిన సందేశంలో "సర్వర్ తిరిగి లేవడం ఆలస్యమైంది, ఎవరి డేటాకూ ఇబ్బంది లేదు" అని రాశాను. అందులో రెండు ముక్కలూ తప్పే. సర్వర్ సమయానికే లేచింది, లేవనివి మీ మెషీన్లు. డేటా విషయంలో కూడా ఇద్దరికి ఇబ్బంది కలిగింది. ఆ సందేశం రాసేటప్పటికి అసలు కారణం నాకు తెలియదు. తెలియదనే రాయాల్సింది. ఈ వారమంతా లాగ్‌లు (సర్వర్ రాసుకునే చిట్టాలు) ముందేసుకుని కూర్చున్నాక తేలిన సంగతి ఇది.

సర్వర్ మీద మీ మెషీన్‌ను నడిపేది ఒకటి, దాని బాగోగులు చూసేది మరొకటి. నడిపేది క్యూఎము అనే ప్రోగ్రామ్. దానికి బలం 2007 నుంచి లినక్స్ కెర్నెల్‌లో (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) భాగంగా ఉన్న కేవీఎం. ఒక్కో మెషీన్‌కు ఒక్కో క్యూఎము ప్రాసెస్ ఉంటుంది. బాగోగులు చూసేది లిబ్‌వర్ట్ సర్వీసు. తెర వెనక ఉండి, ఏ మెషీన్‌కు ఎంత మెమరీ, ఏ డిస్కు, ఏ నెట్‌వర్క్ అన్న వివరాలు దాచుకుని, అడిగినప్పుడు దాన్ని లేపుతుంది, ఆపుతుంది. ఈ సర్వీసు ఆగిపోయినా నడుస్తున్న మెషీన్లు ఆగవు. మళ్లీ మొదలైనప్పుడు అది ఒక్కో క్యూఎము ప్రాసెస్‌ను వెతికి పట్టుకుని, వదిలిన చోటు నుంచి లెక్క అందుకుంటుంది. పట్టపగలు దాన్ని ఎన్నోసార్లు ఆపి మొదలుపెట్టాను, మీలో ఎవరికీ తెలియలేదు. లిబ్‌వర్ట్‌లో నాకు బాగా నచ్చే గుణం ఇదే. ఆదివారం నన్ను ఏమరుపాటులో పడేసిందీ ఈ నమ్మకమే.

ఒకప్పుడు ఈ పనులన్నీ ఒకే పెద్ద సర్వీసు చూసుకునేది. తర్వాత దాన్ని ముక్కలు చేశారు. మెషీన్లకు ఒకటి, నెట్‌వర్క్‌లకు ఒకటి, డిస్కుల నిల్వకు ఒకటి. లినక్స్ రకాల్లో 2021లో వచ్చిన ఫెడోరా 35, మరుసటి ఏడాది వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 ఈ పద్ధతినే మామూలు అమరికగా తీసుకున్నాయి. మేము కొన్ని నెలల క్రితం దీనికి మారాం. ఇందులో సర్వీసు ఎల్లవేళలా మేలుకుని ఉండనక్కర్లేదు. దాని సాకెట్‌ను, అంటే మిగతా ప్రోగ్రాములు దాన్ని పలకరించే ద్వారాన్ని, లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టి ఆపే సిస్టమ్‌డీ తెరిచి పట్టుకుంటుంది. ఎవరైనా వచ్చి తలుపు తడితే అప్పుడు సర్వీసును లేపుతుంది. తలుపు తట్టేవారూ, నడుస్తున్న మెషీన్లూ లేకపోతే 120 సెకన్ల తర్వాత అది మళ్లీ నిద్రపోతుంది. నేను సాకెట్లను మాత్రమే బూట్ సమయంలో తెరిచేలా పెట్టాను. సర్వీసును నేరుగా మొదలుపెట్టమని చెప్పలేదు. తడితే లేస్తుంది కదా, చాలనుకున్నాను.

చాలదు. సర్వర్ రీబూట్ అయ్యాక మీ మెషీన్ దానంతట అది లేవాలని దానికి ఆటోస్టార్ట్ గుర్తు పెడతాం. ఆ గుర్తును చదివేది ఈ సర్వీసే, అదీ తాను లేచినప్పుడు. ఎవరూ తలుపు తట్టకపోతే అది లేవదు, అది లేవకపోతే గుర్తు చదివే దిక్కు లేదు. ఈ కారణంగానే సర్వీసును బూట్ సమయంలో మొదలుపెట్టమని లిబ్‌వర్ట్ పత్రాలు సూచిస్తున్నాయి. ఆ పేజీ నేను చదివాను. ఆ ఒక్క వాక్యాన్ని దాటేశాను.

మరి ఈ పద్ధతికి మారాక చేసిన రెండు రీబూట్లలో మెషీన్లన్నీ ఎలా లేచాయి? నన్ను చాలాసేపు తికమకపెట్టిన ప్రశ్న ఇది. జవాబు ఒక పాత స్క్రిప్టులో దొరికింది. ప్రతి మెషీన్ ఎంత ప్రాసెసర్, ఎంత మెమరీ వాడుతోందో నిమిషానికోసారి లిబ్‌వర్ట్‌ను అడిగి రాసుకునే చిన్న స్క్రిప్టు అది. రీబూట్ అయిన నిమిషంలోపే వెళ్లి తలుపు తట్టేది. గత నెలలో ఆ లెక్కలను నేరుగా కెర్నెల్ నుంచే తీసుకునే మంచి ఏర్పాటు చేసి, స్క్రిప్టును తీసేశాను. అది లెక్కలు రాసుకుంటోందనే అనుకున్నాను. మీ మెషీన్లను నిద్రలేపుతున్నది కూడా అదేనని గ్రహించలేదు.

ఆదివారం కెర్నెల్ అప్‌డేట్ కోసం 2:05కి రీబూట్ ఇచ్చాను. 2:14కి సర్వర్ పింగ్‌కు (ఉన్నావా అని నెట్‌వర్క్‌లో అడిగే పలకరింపుకు) బదులిచ్చింది. మీ మెషీన్ల అలారాలు పని మధ్యలో మోగకుండా తెల్లవారుజామున నాలుగింటి దాకా ఆపి ఉంచాను. తెర మీద ఆకుపచ్చ చుక్క చూసి పడుకున్నాను. ఆ రాత్రి చేసిన పెద్ద తప్పు అదే. 3:05కి మీలో ఒకరు ఫోన్ చేసి, రాత్రి నడవాల్సిన బ్యాకప్ మొదలవలేదని చెప్పారు. 3:11కి లాగిన్ అయి, మెషీన్ల జాబితా చూపించమని "విర్ష్ లిస్ట్" ఆదేశం ఇచ్చాను. మామూలుగా రెప్పపాటులో వచ్చే జాబితా రాలేదు. దాదాపు నిమిషంపాటు ఖాళీ తెర మీద కర్సర్ మెరుస్తూ ఉండిపోయింది. గుండె ఆగినంత పనైంది. తర్వాత జాబితా వచ్చింది. 31 పేర్లు, అన్నింటి పక్కనా "రన్నింగ్". ఫోన్‌లో ఉన్నాయన కూడా "ఇప్పుడు వచ్చిందండీ" అన్నారు. సర్వర్ ఆలస్యంగా తేరుకుందని నమ్మి, మీకు అదే రాశాను.

లాగ్‌లో సర్వీసు మొదలైన సెకను, నేను ఆదేశం ఇచ్చిన సెకను ఒకటే. ఆ నిమిషంలో అది మీ మెషీన్లను ఒక్కొక్కటిగా లేపుతూ, అంతా అయ్యాకే నాకు జవాబిచ్చింది. నేను చూడబట్టే అవి లేచాయి. ఆయన ఫోన్ చేయకపోతే నాలుగింటికి అలారాలు మోగేదాకా అలాగే పడి ఉండేవి.

ఇక డేటా సంగతి. సర్వర్‌ను ఆపేముందు ప్రతి మెషీన్‌కు పవర్ బటన్ నొక్కినట్టుగా ఒక సంకేతం వెళుతుంది. అన్నీ కలిపి రెండు నిమిషాల్లో ఆగాలని గడువు పెట్టాను. రెండు మెషీన్లు సంకేతాన్ని పట్టించుకోలేదు. గడువు తీరాక సర్వర్ తన దారిన తాను ఆగిపోయింది, ఆ రెండింటికీ నడుస్తుండగానే కరెంటు పోయినట్టయింది. ఒకదానిలో ఫైల్ సిస్టమ్ తన జర్నల్ (మార్పులను ముందే రాసుకునే చిట్టా) చూసుకుని సర్దుకుంది. రెండోదానిలో డేటాబేస్ టేబుల్ ఒకటి బాగుచేయాల్సి వచ్చింది. ఆ పని పూర్తయ్యేదాకా నేను ఫోన్‌లో తోడున్నాను, కానీ ఆ మెషీన్ యజమానురాలి ఆదివారమంతా దానికే పోయింది. ఇద్దరికీ విడిగా క్షమాపణ చెప్పాను, ఇక్కడ అందరి ముందూ చెబుతున్నాను.

ఇప్పుడు సర్వీసు బూట్‌లోనే మొదలవుతుంది. మొదటి సర్వర్‌లోనూ ఇదే లోపం కనిపించింది, దాన్నీ సరిచేశాను. మాట మీద నమ్మకుండా, ఖాళీగా ఉన్న సర్వర్ మీద పరీక్ష మెషీన్లు పెట్టి చూశాను. పాత అమరికతో రీబూట్ చేసి, పావుగంటసేపు దేన్నీ ముట్టుకోకుండా కూర్చుంటే ఒక్కటీ లేవలేదు. కొత్త అమరికతో అన్నీ లేచాయి. ఆగడానికి ఇచ్చే గడువును 300 సెకన్లకు పెంచాను. రీబూట్‌కు ముందు, తర్వాత జాబితాలను పక్కపక్కన పెట్టి పేరు పేరునా సరిచూడనిదే పని ముగిసినట్టు కాదు.

మీ నుంచి ఒక సాయం కావాలి. మీ మెషీన్ పవర్ బటన్ సంకేతాన్ని వింటోందో లేదో ఒకసారి చూసుకుందాం. సిస్టమ్‌డీ ఉన్న లినక్స్‌లు మామూలుగా వింటాయి. అది లేని చిన్న లినక్స్‌లకు ఆ సంకేతాన్ని వినే ఏసీపీఐడీ అనే ప్రోగ్రామ్ అవసరం కావచ్చు. విండోస్‌లో పవర్ బటన్‌కు "ఏమీ చేయవద్దు" అని పెట్టి ఉంటే వినదు. మీకు వీలైన సమయం చెబితే ఇక్కడి నుంచి ఆ సంకేతం పంపుతాను, ఇద్దరం కలిసి చూద్దాం. నేను పంపిన లాగ్‌లో "డెస్ట్రాయ్" అన్న మాట చూసి ఒకరిద్దరు కంగారుపడ్డారు. లిబ్‌వర్ట్ భాషలో అది మెషీన్‌ను బలవంతంగా ఆపడమే, డిస్కును చెరపడం కాదు.

ఆ 31 మెషీన్లకు ఈ నెల రుసుము తీసుకోవడం లేదు. మీరు అడగనక్కర్లేదు, బిల్లులోనే తగ్గి వస్తుంది.

మొదటి సర్వర్‌కు ఇదే కెర్నెల్ అప్‌డేట్ వచ్చే ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు చేస్తాను. ఆ సమయం కుదరనివారు శుక్రవారంలోగా చెప్పండి, మీ మెషీన్‌ను ముందే వేరే సర్వర్‌కు మారుస్తాను. జాబితాలు రెండూ కలిసేదాకా మేలుకునే ఉంటాను, కలిశాక మీ అందరికీ సందేశం పంపుతాను.