టోకెన్ డబ్బుకు ఏజెన్సీ యజమానే జవాబుదారీ

సంపాదకులకు నమస్కారం.

ప్లాటు చూపించి టోకెన్ (బయానా డబ్బు) తీసుకున్న కుర్రాడు ఫోన్ ఎత్తకపోతే కొనేవాళ్లు ఏజెన్సీ ఆఫీసుకే వస్తారు. 'ఆ అబ్బాయి మా దగ్గర మానేశాడండీ' అని పంపేయడం కుదరదు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) 69వ సెక్షన్ ప్రకారం, తప్పు జరిగిన నాటికి సంస్థను నడుపుతున్నవాళ్లు కూడా బాధ్యులే. భాగస్వామ్య సంస్థకూ ఇదే వర్తిస్తుంది. తమకు తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామనో వాళ్లే నిరూపించుకోవాలి.

అందుకే రసీదు పుస్తకం యజమాని చేతిలో ఉండాలి. వరుస నంబర్లతో, మూడు ప్రతులతో: కొనేవారికి, అమ్మేవారికి, ఆఫీసుకి. సర్వే నంబరు, విస్తీర్ణం, మొత్తం ధర, డబ్బు ఎవరి ఖాతాలో పడింది, బేరం కుదరకపోతే ఏ తేదీలోగా తిరిగి ఇస్తారు, ఇవన్నీ అందులో రాయాలి. ఈ చివరి మాట రాయకపోవడం వల్లే ఎక్కువ గొడవలు. టోకెన్ ఏజెంటు ఫోన్‌పేకి కాకుండా నేరుగా అమ్మేవారి ఖాతాకే వెళ్లాలి. స్థలం బయానాగా 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. రెరా ప్రాజెక్టులోనైతే, రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డరు తీసుకోకూడదు.

కాగితాల పరిశీలన కమీషన్ కోసం తిరిగే కుర్రాళ్లకు వదిలేయడం మరో తప్పు. ఈసీ, అంటే ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీస్తే చాలనుకుంటారు. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు ఈసీలో కనపడవు. కోర్టు కేసులు కూడా అందులో కనపడకపోవచ్చు. లింకు డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు), రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22-ఏ నిషేధిత జాబితా చూడాలి. బేరం నాటి ఈసీ సరిపోదు, రిజిస్ట్రేషన్ ముందు మళ్లీ తీయాలి.

ఇక ప్రీలాంచ్. 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకు రెరా నంబరు (రెరా రిజిస్ట్రేషన్) రాకముందే బుకింగ్ చేయిస్తే, ఏజెంటుకు రోజుకు 10 వేల జరిమానా. అది ఆ ఆస్తి ధరలో 5 శాతం దాకా పెరగవచ్చు. కమీషన్ ఎంత పెద్దదైనా ఆ ఫైలును యజమానే ఆపాలి. వాట్సాప్ ప్రకటనలోనూ ఏజెన్సీ రెరా నంబరు ఉండాలి.

మీ పత్రిక క్లాసిఫైడ్స్‌లో కూడా రెరా నంబరు లేని ఏజెంట్ల ప్రకటనలు తీసుకోవద్దని కోరుతున్నాను.

- ఒక రిజిస్టర్డ్ ఏజెంటు, హైదరాబాద్